సూరత్ తీరం: ఇసుకపై మోపిన నెపం

సూరత్ రేవు ఎందుకు పతనమైందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. తాపీ నది ముఖద్వారం పూడిపోయింది, పెద్ద ఓడలు రాలేకపోయాయి, వర్తకం బొంబాయికి తరలిపోయింది. ఈ జవాబులో గొప్ప సౌలభ్యం ఉన్నది. ఇందులో పాలకుడు లేడు, సుంకం లేదు, యుద్ధం లేదు, దోపిడీ లేదు. నేరమంతా ఇసుకది. ఇసుక కోర్టుకు రాదు, ఎన్నికల్లో నిలబడదు, ప్రశ్నిస్తే పలకదు. మన దేశంలో తీరప్రాంత కోత గురించి ప్రభుత్వాలు నేడు మాట్లాడే తీరు కూడా సరిగ్గా ఇదే కనుక, సూరత్ కథను మళ్ళీ మొదటి నుండి చదవవలసిన అవసరం కనిపిస్తున్నది.

తాపీ ముఖద్వారం పూడిక సూరత్‌కు వృద్ధాప్యంలో వచ్చిన వ్యాధి కాదు. అది పుట్టుకతోనే ఉన్నది. సూరత్ మొగలు సామ్రాజ్యానికి ప్రధాన రేవుగా, హజ్ యాత్రికుల ఓడలకు ద్వారంగా వెలిగిన పదిహేడవ శతాబ్దంలో కూడా పెద్ద ఓడలు నగరం దాకా వచ్చేవి కావు. నది నోట అడ్డంగా ఇసుకమేట ఉండేది. అందుకే ఐరోపా ఓడలు నగరానికి సుమారు పన్నెండు మైళ్ళ దూరంలో, సముద్రతీరాన ఉన్న సువాలీ వద్ద లంగరు వేసేవి. ఇంగ్లీషువారు దానిని ‘స్వాలీ’ అన్నారు. అక్కడి నుండి సరకు ఎడ్లబండ్ల మీద, చిన్న పడవల మీద నగరానికి చేరేది. అంటే లోతైన రేవు లేకుండానే సూరత్ ఆనాటి హిందూ మహాసముద్రపు అత్యంత సంపన్న నగరాలలో ఒకటైంది.

సువాలీకి ఉన్న విలువ కూడా ఇసుక పెట్టిన భిక్షయే. తీరానికి కొంత దూరంలో, తీరానికి సమాంతరంగా, పొడవైన ఇసుక దిబ్బ ఒకటి ఉండేది. ఆ దిబ్బకూ ఒడ్డుకూ నడుమ ఉన్న నీటిలో అలల తాకిడి తక్కువ. 1612 నవంబరు చివర కెప్టెన్ థామస్ బెస్ట్ నాయకత్వంలోని ఇంగ్లీషు ఓడలు పోర్చుగీసు గలియన్లను ఎదిరించి నిలిచినది ఇక్కడే. ఆ నీటి లోతుపాతులే ఆ పోరులో సగం సైన్యం. భారీ గలియన్లు మేటల నడుమ చిక్కుబడ్డాయి. తేలికపాటి ఓడలు తప్పించుకు తిరిగాయి. మరుసటి సంవత్సరం మొదట్లో కంపెనీకి సూరత్‌లో వర్తకానికి మొగలు అనుమతి దక్కింది. 1615 సెప్టెంబరులో జహంగీరు దర్బారుకు ఇంగ్లండు రాజు పంపిన రాయబారి సర్ థామస్ రో దిగినదీ ఈ సువాలీ ఇసుకలోనే. ఈ దేశంలో ఇంగ్లీషు వారి తొలి నిలకడ ఒక కదిలే ఇసుక దిబ్బ చాటున దొరికిందంటే అతిశయోక్తి కాదు.

ఆ దిబ్బ నిలవలేదు. దిబ్బలు నిలవవు. కాలక్రమేణా సువాలీ మడుగు పూడింది. ఓడల లంగరు స్థలం తాపీ నోటి వైపునకు జరిగింది. పదిహేడవ శతాబ్దం చివర తాపీలో పడవ మునిగి మరణించిన వాక్స్ అనే కంపెనీ అధికారి సమాధి హజీరా వద్ద నదీముఖాన ఉండేది. నావికులకు అదే దారి గుర్తు. చనిపోయిన మనిషి గోరీ చూసుకుని బ్రతికి ఉన్న ఓడలు మేటలను తప్పించుకునేవన్న మాట.

మరి పతనం ఎలా వచ్చింది? చరిత్రకారుడు అశిన్ దాస్‌గుప్తా 1979లో ప్రచురించిన గ్రంథంలో 1700 నుండి 1750 వరకు సూరత్ వర్తకుల జీవితాన్ని దగ్గరగా పరిశీలించాడు. ఆయన చూపిన కారణాలు రాజకీయమైనవి. మొగలు పాలన శిథిలమై, ఆగ్రా నుండి సూరత్‌కు సరకు వచ్చే దారులు భద్రత కోల్పోయాయి. మరాఠా దండయాత్రల వల్ల వెనుక ప్రాంతం తెగిపోయింది. 1722లో ఇరాన్‌లో సఫావీ రాజ్యం కూలింది. నగరంలోని అధికారులు ఖాళీ ఖజానాను నింపుకోవడానికి వర్తకుల మీద పడ్డారు. అంతకు ముందే 1664లోనూ 1670లోనూ శివాజీ కొల్లగొట్టిన నగరమిది. కంపెనీ పశ్చిమ భారత కేంద్రాన్ని 1687లో బొంబాయికి మార్చుకున్నది. 1759లో సూరత్ కోట ఇంగ్లీషు వారి చేతికి చిక్కింది. ఈ వరుసలో ఇసుక స్థానం ఎక్కడ? నగరం బలంగా ఉన్నప్పుడు పూడికను భరించగలిగింది. బలం పోయిన తరువాత పూడిక ఒక సాకుగా మిగిలింది.

తెలుగు పాఠకునికి ఇది కొత్త కథ కాదు. మన మచిలీపట్నానికి కంపెనీ ఓడ వచ్చినది 1611లో, అంటే సువాలీ పోరుకు ఒక ఏడాది ముందు. గోల్కొండ అద్దకం బట్టలను ఎగుమతి చేసిన ఆ రేవుకు కూడా లోతైన నీరు లేదు. ఓడలు తీరానికి దూరంగానే ఆగేవి. దాని క్షీణతను కూడా మనం పూడికకూ, 1864 నవంబరు నాటి ఉప్పెనకూ అప్పగించి చేతులు దులుపుకుంటాం. ఆ ఉప్పెన సుమారు ముప్పై వేల మందిని బలిగొన్న మహావిషాదమే. కానీ అప్పటికే బందరు నేతగాని బట్టకు బజారు కూలిపోయి ఉన్నది. సముద్రం మీద నెపం మోపడం రాజకీయాలకు ఎంత పాత అలవాటో చెప్పడానికి ఈ రెండు ఊళ్ళు చాలు.

ఇరవయ్యవ శతాబ్దంలో కథ తలకిందులైంది. ఇంతకాలం ఇసుక ఎక్కువైందని ఏడ్చిన తీరాలకు ఇసుక తక్కువ కావడం మొదలైంది.

తాపీ సుమారు 724 కిలోమీటర్ల నది. మధ్యప్రదేశ్‌లో పుట్టి, మహారాష్ట్ర దాటి, దక్కను బసాల్టు నేలలను కోసుకుంటూ వస్తుంది. డుమస్ తీరంలో ఇసుక నల్లగా ఉండడానికి కారణం ఈ నల్లరాతి నేలే. అక్కడ దయ్యాలు తిరుగుతాయన్న కథలు అంతర్జాలంలో పుష్కలంగా దొరుకుతాయి. ఆ ఇసుక ఎక్కడిదని అడిగే కథ మాత్రం అరుదు. నది తెచ్చిన మట్టితో, ఖంభాత్ సింధుశాఖలోని బలమైన ఆటుపోట్ల పంపకంతో ఏర్పడిన తీరం అది. 1972లో ఉకాయ్ డ్యాం పూర్తయింది. సుమారు 850 కోట్ల ఘనపు మీటర్ల సామర్థ్యం, మన లెక్కలో దాదాపు 300 టీఎంసీలు. సాగునీరు, విద్యుత్తు, వరద నియంత్రణ ఇచ్చిన ప్రాజెక్టు అది. దక్షిణ గుజరాత్ చెరకు పొలాలు దాని చలువే. అయితే డ్యాం నీటిని మాత్రమే ఆపదు. నీటితో పాటు వచ్చే మట్టిని, ఇసుకను కూడా ఆపుతుంది. జలాశయంలో పూడిక అని ఇంజినీరు లెక్క రాసుకునేది, ముఖద్వారంలో తీరానికి రావలసిన బాకీ.

ఇక్కడ మన సొంత లెక్కలను ఒకసారి గుర్తు చేసుకోవాలి. నాగార్జునసాగర్ మొదటి సామర్థ్యం 408 టీఎంసీలు. నేడు చెప్పుకునేది 312. శ్రీశైలం 308 టీఎంసీల నుండి 215కు వచ్చింది. ఈ అంకెలు రెండు తెలుగు రాష్ట్రాల రాజకీయ నాయకులకు కంఠతా వచ్చు. కృష్ణా బోర్డు సమావేశాలలో, ట్రిబ్యునళ్ళ ముందు, శాసనసభల్లో వీటిని వల్లె వేస్తారు. పోయిన టీఎంసీలంటే పోయిన నీరని మాత్రమే వారి భావం. ఆ జాగాను ఆక్రమించిన మట్టి ఎక్కడికి వెళ్ళవలసినదో ఒక్కరూ అడగరు. అది దివిసీమకు, కృష్ణా ముఖద్వారానికి వెళ్ళవలసిన మట్టి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు తదితర భూశాస్త్రవేత్తలు కృష్ణ మోసుకువచ్చే మట్టి 1960ల చివర ఏడాదికి సుమారు 90 లక్షల టన్నులు ఉండగా, 2000 తరువాతి ఏళ్ళలో 4 లక్షల టన్నులకు దిగజారిందని చూపారు. డెల్టా అంచులు కోసుకుపోవడానికి ప్రధాన కారణం డ్యాములేనని వారి నిర్ధారణ. మట్టిలో అంతా బీచి ఇసుక కాదు, చాలా భాగం ఒండ్రే. ఆ సవరణ చేసుకున్నా బాకీ చిన్నది కాదు. జలవివాదం అన్న మాటకు మన రాజకీయాల్లో ఇంత బరువుండగా, మట్టివివాదం అన్న మాటే లేకపోవడం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది.

సూరత్‌కు తిరిగి వద్దాం. నది పంపకం తగ్గిన తరువాత, తీరం మీద రెండవ ఒత్తిడి హజీరా నుండి వచ్చింది. తాపీ ముఖానికి ఉత్తరాన, సువాలీకి దక్షిణాన ఉన్న ఈ ద్వీపకల్పంలో 1980లలో సహజవాయువు, ఎరువుల కర్మాగారాలు వెలిశాయి. తరువాత ఉక్కు, భారీ ఇంజినీరింగు, ద్రవీకృత వాయు టెర్మినల్, ఓడరేవు వచ్చాయి. గుజరాత్ 1995లో ప్రకటించిన రేవుల విధానం ప్రైవేటు పెట్టుబడికి తీరాన్ని తెరిచింది. ఆ విధానంలో కొత్త రేవులకు గుర్తించిన చోట్లలో హజీరా ఒకటి. నాలుగు శతాబ్దాల క్రితం ఓడ ఇసుక చాటు వెతుక్కుంటూ వచ్చిన చోటికి ఇప్పుడు ఇసుకను తవ్వి దారి చేసి ఓడను తీసుకువస్తున్నారు. తవ్విన మట్టితో ఆటుపోట్ల నేలను పూడ్చి యార్డులు కట్టారు. మడ అడవులు తొలగిపోయాయి. వలలు వేసుకునే కుటుంబాలకు సముద్రానికి దారి మూసుకుపోయింది.

2016 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ పశ్చిమ మండల ధర్మాసనం హజీరా మత్స్యకారుల సమితి వేసిన వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. అదానీ హజీరా రేవు విస్తరణకు కేంద్రం 2013లో ఇచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టివేసింది. పర్యావరణ పునరుద్ధరణకై 25 కోట్ల రూపాయలు జమ చేయమన్నది. వివాదం అక్కడితో ఆగక సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ వ్యాజ్యంలోని న్యాయసూక్ష్మాల కంటె నాకు ముఖ్యంగా తోచినది ఒకటున్నది. తీరం మారిందని మొదట చెప్పినది ఉపగ్రహం కాదు, ప్రభుత్వశాఖ కాదు. పడవ దింపుకునే చోటు కోల్పోయిన మనుషులు. వారి మాట దస్త్రాలకు ఎక్కాలంటే ఒక ట్రిబ్యునల్ దాకా నడవవలసి వచ్చింది.

ఈ విషయంలో చట్టం చరిత్ర కూడా చదవదగినది. 1981 నవంబరులో ప్రధాని ఇందిరాగాంధీ తీరరాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. పోటు గరిష్ఠంగా చేరే గీత నుండి 500 మీటర్ల వరకు బీచిని నిర్మాణాలు లేకుండా ఉంచాలన్నది దాని సారాంశం. పదేళ్ళకు, 1991 ఫిబ్రవరి 19న, ఆ లేఖ తీర నియంత్రణ మండలి ప్రకటనగా చట్టబద్ధమైంది. దానిని తరువాతి రెండు దశాబ్దాలలో ఇరవైకి పైగా సార్లు సవరించారు. పర్యాటకానికి ఒకటి, రేవుకు ఒకటి, ప్రత్యేక ఆర్థిక మండలికి ఒకటి. అన్ని సవరణలూ ఒక దిక్కుకే వంగాయి. 2011లో కొత్త ప్రకటన వచ్చింది. మత్స్యకారుల హక్కుల మాట అందులో కొంత స్పష్టంగా ఉన్నది. 2019 జనవరిలో మరొక ప్రకటన. జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరాలలో నిర్మాణరహిత మండలి 200 మీటర్ల నుండి 50 మీటర్లకు కుదించుకుపోయింది. ఇక భారత సర్వే విభాగం చేత గీయించిన ‘ప్రమాద రేఖ’ నియంత్రణకు కాక, విపత్తు నిర్వహణ ప్రణాళికకు పనికివచ్చే సాధనంగా మాత్రమే మిగిలింది. ప్రమాదం ఎక్కడుందో గీత గీసి చూపించి, ఆ గీత మీద కట్టుకోవడానికి అడ్డేమీ లేదనడం పాలనా కౌశలమే.

ఖంభాత్ వంటి చోట ఈ గీతలకు మరొక చిక్కు ఉన్నది. అక్కడ పోటుకూ ఆటుకూ ఎత్తు తేడా మన తూర్పు తీరంలో కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. నేల వాలు తక్కువ కనుక, నీరు వెనక్కి వెళ్ళినప్పుడు విశాలమైన బురద మైదానం బయట పడుతుంది. పోటు వేళ అది సముద్రం, ఆటు వేళ నేల. రెవెన్యూ రికార్డుకు ఇలాంటి స్థలమంటే అసహనం. ఎవరి పేరా లేని స్థలం ఎవరికైనా ఇవ్వదగిన స్థలంగా మారిపోతుంది. మడ చెట్లు, గుల్లలు, పీతలు, వలకట్లు ఉన్న ఆ నేలను ‘ఖాళీ’ అని రాయడంతోనే సగం కేటాయింపు పూర్తవుతుంది. తీరం పొడవు మీద కూడా ఇటువంటిదే ఒక వినోదం జరిగింది. ఎన్నో దశాబ్దాలుగా దేశపు తీరరేఖ 7,516 కిలోమీటర్లని చదువుకున్నాం. ఇటీవల వంపులన్నిటినీ సూక్ష్మంగా కొలిచి 11,098 కిలోమీటర్లకు పైగా అన్నారు. గుజరాత్ తీరం 1,214 నుండి 2,340 కిలోమీటర్లకు, ఆంధ్రప్రదేశ్ తీరం 974 నుండి 1,053 కిలోమీటర్లకు పెరిగాయి. ఒక్క అంగుళం బీచి కూడా కలవకుండానే తీరం పెరిగింది.

పెరగని చోట ఏమి జరుగుతున్నదో చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం కొలిచింది. 1990 నుండి 2018 వరకు చూస్తే, ప్రధాన భూభాగపు తీరంలో మూడవ వంతు కోతకు గురవుతున్నది. శాతాలలో పశ్చిమ బెంగాల్, పుదుచ్చేరి, కేరళ ముందున్నాయి. గుజరాత్‌లో 27.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 28.7 శాతం. చదవడానికి మధ్యస్థంగా కనిపించే అంకెలివి. కాని గుజరాత్ తీరం దీర్ఘం కనుక ఆ 27.6 శాతమే 537 కిలోమీటర్లవుతుంది. పైగా కోత సమానంగా పంచుకునే కష్టం కాదు. అది ఒక ఊరిని ఎంచుకుని తింటుంది. సూరత్‌కు దక్షిణాన వల్సాడ్ జిల్లాలో ఉద్వాడా ఉన్నది. పార్సీల పవిత్రాగ్ని 1742 నుండి వెలుగుతున్న గ్రామం. సముద్రం ఊరి ఇళ్ళ దాకా రావడంతో అక్కడ రక్షణ గోడ కట్టవలసి వచ్చింది. పార్సీలకు దేశ రాజధానిలో పలుకుబడి ఉన్నది గనుక ఉద్వాడా పేరు పత్రికల్లోకి వచ్చింది. పలుకుబడి లేని ఊళ్ళు తహసీల్దారు కార్యాలయం దాటవు.

గోడ అనగానే మనకు పరిష్కారం దొరికినట్లు ఉంటుంది. ఈ విషయంలో మన తూర్పు తీరం నూటయాభై ఏళ్ళుగా పాఠం చెబుతూనే ఉన్నది. 1870లలో మద్రాసు రేవుకు సముద్రంలోకి గోడలు కట్టడం మొదలుపెట్టారు. తూర్పు తీరంలో నికరంగా ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి నడుస్తుంది. గోడ ఆ నడకను ఆపింది. దక్షిణాన ఇసుక చేరి మెరీనా విశాలమైంది. ఉత్తరాన రాయపురం వైపు జాలరిపల్లెలను సముద్రం నమిలింది. మెరీనాలో గాలి పీల్చుకునే నగరవాసి ఆనందమూ, ఉత్తర చెన్నైలో ఇల్లు పోయినవాడి దుఃఖమూ ఒకే గోడకు రెండు వైపులు.

విశాఖపట్నం రేవు కట్టిన ఇంజినీర్లు ఈ పాఠం విన్నారు. 1933లో తెరిచిన ఆ రేవు నోటికి ఇసుక అడ్డు రాకుండా రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి, అలలను ఆపే కట్టగా వాడారు. దాని చాటున చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో ఎత్తి ఉత్తరపు బీచికి పంపే పద్ధతి పెట్టారు. అంటే రేవు దొంగిలించిన ఇసుకను రేవే తిరిగి కట్టాలన్న సూత్రాన్ని వలసప్రభుత్వపు ఇంజినీర్లే ఒప్పుకున్నారు. 1970లలో బాహ్య రేవు వచ్చిన తరువాత బాకీ పెరిగింది. రామకృష్ణా బీచి తుఫానుకు కోసుకుపోయినప్పుడల్లా ఇసుక పోసే విషయం వార్తలకెక్కుతుంది. ఆ ఇసుక దానం కాదని, బకాయి అని రాసినవారు తక్కువ.

ఉప్పాడది మరింత చేదు అనుభవం. కాకినాడకు పైన ఉన్న ఆ నేతపల్లెకు జాందానీ చీరలతో ఎంత పేరున్నదో, సముద్రపు కోతతో అంత పేరు వచ్చింది. గోదావరి ముఖాన పెరిగిన ఇసుక కొక్కెం వల్ల అలలు తిరిగిపడే తీరు, ఇసుక నడక మారడం దానికి కారణాలలో ప్రధానమైనవి. అక్కడ రాళ్ళు పోశారు, జియోట్యూబులు పరిచారు. తుఫానులకు అవి చిరిగిపోయాయి, మళ్ళీ రాళ్ళు పోశారు. కారణం ఒకచోట, చికిత్స మరొకచోట. సూరత్ లింబాయత్ తదితర ప్రాంతాలలో మరమగ్గాల మీద బ్రతుకుతున్న తెలంగాణ పద్మశాలీ కుటుంబాలకు 2006 ఆగస్టు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఉకాయ్ నుండి దాదాపు తొమ్మిది లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు నగరంలో అత్యధిక భాగం నీట మునిగింది. సముద్రపు పోటు వేళ నది నీరు బయటకు పోలేక వెనక్కి తన్నుతుంది. నదీముఖం ఎంత ఇరుకైతే ఆ తన్నుడు అంత ఎక్కువ. ఉప్పాడ మగ్గానికీ సూరత్ మగ్గానికీ శత్రువు ఒక్కటే: నదికీ సముద్రానికీ మధ్య ఉన్న లెక్కను తప్పిన ప్రణాళిక.

ఆ లెక్క ఎవరు చూడాలి? ఇక్కడే మన ప్రభుత్వ నిర్మాణపు అసలు రూపం బయటపడుతుంది. తీరకోత కోసం కేంద్రం 1966లో కేరళ అవసరం మీద ఒక బోర్డు పెట్టింది. 1971లో దానిని దేశమంతటికీ విస్తరించింది. 1995లో పేరు మార్చి సలహా సంఘం చేసింది. అది జలవనరుల శాఖ కింద ఉన్నది. నియంత్రణ పర్యావరణ శాఖది. రేవులు ఓడల శాఖవి, చిన్న రేవులైతే రాష్ట్రాలవి. కోతను కొలిచేది భూవిజ్ఞాన శాఖ. ఇల్లు పోయినవాడికి సాయం చేయవలసినది హోంశాఖ పరిధి. ఇసుకను ఆపిన డ్యాము నీటిపారుదల శాఖది. ఇసుక మాత్రం ఈ ఆరు గదులనూ ఒకే అలతో దాటుతుంది. ఏ గది వారూ తప్పు చేయలేదు. ప్రతి అనుమతీ దాని దస్త్రంలో సక్రమమే.

ఇంకొక సంగతి. కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో తుఫాను ఉన్నది, వడగళ్ళ వాన ఉన్నది, మిడతల వంటి చీడపీడల దాడి ఉన్నది, చలిగాలి కూడా ఉన్నది. తీరకోత లేదు. ఇల్లు ఒక్క రాత్రి తుఫానుకు కూలితే పరిహారం. పదేళ్ళు మెల్లగా సముద్రంలోకి జారితే అది ప్రకృతి ధర్మం. పదిహేనవ ఆర్థిక సంఘం ఈ లోపాన్ని గుర్తించి, 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైన వారి పునరావాసానికి 1,000 కోట్లు సిఫారసు చేసింది. నదీతీరపు కోతను కూడా ఇందులోనే కలిపారు. బ్రహ్మపుత్ర, గంగ, సముద్రం అన్నిటికీ కలిపి అయిదేళ్ళకు ఇంత. అయినా ఆ మాట పుస్తకంలోకి ఎక్కడమే ఒక ముందడుగని ఒప్పుకుంటాను.

వేరే దారి లేకపోలేదు. సూరత్‌లో 1616 నుండి కోఠీ నడిపిన డచ్చివారి దేశాన్నే చూడవచ్చు. 1990లో వారు తమ తీరరేఖ ఉన్నచోటనే ఉండాలని జాతీయ విధానంగా నిర్ణయించుకున్నారు. గోడలకు బదులు, ఏటా సముద్రగర్భం నుండి ఇసుక తెచ్చి బీచిలకు పోస్తారు. 2011లో ఒక్కచోటనే రెండు కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుక పోసి, దానిని పంచే పని గాలికీ అలలకూ వదిలారు. మన దగ్గర పుదుచ్చేరిలో 1980లలో కట్టిన రేవు వల్ల బీచి మాయమైంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటిలో మునిగి ఉండే దిబ్బను నిర్మించి, ఇసుక పోసి, 2018-19 నాటికి నగరానికి బీచిని కొంతవరకు తిరిగి ఇవ్వగలిగింది. ఒడిశాలో సతభాయా గ్రామస్థులను ప్రభుత్వమే బాగపాటియాకు తరలించింది. ఆ పునరావాసంలో లోపాలెన్ని ఉన్నా, సముద్రం ముందు వెనక్కి తగ్గడం కూడా ఒక విధానమేనని ఒక రాష్ట్రం ఒప్పుకున్నది. వీటిలో ఏదీ ఖంభాత్‌కు అచ్చుగుద్దినట్లు సరిపోదు. తూర్పు తీరంలో ఇసుకను నడిపేది అల; ఖంభాత్‌లో పెత్తనం ఆటుపోట్ల ప్రవాహానిది. అక్కడ బీచి కంటె బురద మైదానం, మడ అడవి ముఖ్యం. కనుక తాపీ ముఖం నుండి సువాలీ దాకా, డుమస్ నుండి దండి దాకా, ఉకాయ్ గేట్ల నిర్వహణతో సహా, ఒకే మట్టి ఖాతా రాయాలి. ఎవరు ఎంత ఆపారు, ఎవరు ఎంత తవ్వారు, ఎక్కడ పోశారు అన్న ఖాతా. అది లేకుండా డుమస్ తీరాన్ని ఎంత సుందరీకరించినా అది నగరపాలక సంస్థ చేసే అలంకారమే తప్ప తీర ప్రణాళిక కాదు.

ఆంధ్రప్రదేశ్‌కు ఇది దూరపు విషయం కాదు. 2022, 2023 సంవత్సరాలలో రామాయపట్నం, మూలపేట, మచిలీపట్నం రేవుల పనులకు శంకుస్థాపనలు జరిగాయి. ప్రభుత్వం మారింది, రేవుల మీద ఉత్సాహం మారలేదు, రెండు పక్షాల వాదమూ ఎవరు ముందు మొదలుపెట్టారన్న దాని మీదనే. నాలుగు వందల ఏళ్ళ క్రితం గోల్కొండ ఓడలు దూరాన లంగరు వేసిన బందరు తీరంలో ఇప్పుడు సముద్రంలోకి రాతిగోడలు లేస్తున్నాయి. ఆ గోడల ఉత్తరపు వైపు ఇసుక ఏటా ఎంత తగ్గుతుంది, దానిని డ్రెడ్జర్‌తో ఎత్తి అవతలికి వేసే ఖర్చు రేవు ఒప్పందంలో ఎవరి పద్దున పడుతుంది, ఆ పని ఆగిపోతే జరిమానా ఎవరికి చేరుతుంది అన్న మూడు ప్రశ్నలను శాసనసభలో ఒక సభ్యుడైనా లిఖితపూర్వకంగా అడగాలి. సమాధానం రావడానికి నియమావళి గడువు పెట్టింది; ఇసుక ఏ గడువు కోసమూ ఆగదు కనుక, ప్రశ్న ఈ సమావేశాల్లోనే పడడం మంచిది.